ఉత్తరమే పిటిషన్ అయింది

1982 మే నెలలో షీలా బర్సే బొంబాయి సెంట్రల్ జైలుకు వెళ్లి 15 మంది మహిళా ఖైదీలతో మాట్లాడారు. ఆమె ఫ్రీలాన్స్ జర్నలిస్టు. పోలీసు లాకప్‌లో తమను కొట్టారని వారిలో అయిదుగురు చెప్పారు. ఆ విషయాలన్నీ ఆమె సుప్రీంకోర్టుకు ఉత్తరంలో రాస్తే, కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది.

అప్పటికే దారి కొంత పడి ఉంది. విచారణే లేకుండా బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గుతున్న వారి గురించి మాజీ పోలీసు అధికారి రుస్తుంజీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాసిన వ్యాసాల ఆధారంగా న్యాయవాది కపిలా హింగోరాణీ 1979లో కేసు వేశారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. అందులో రాసింది ఒకరు, కోర్టుకెక్కింది మరొకరు. బర్సే విషయంలో ఆ రెండు పనులూ ఒకే మనిషి మీద పడ్డాయి.

ఆ ఉత్తరంలో నాకు నచ్చేది దాని లెక్క. 'జైల్లో ఆడవాళ్లను హింసిస్తున్నారు' అని రాసి ఉంటే పత్రికకు శీర్షిక దొరికేది, కోర్టుకు మాత్రం పట్టు దొరికేది కాదు. ఎంతమందిని అడిగారు, ఎంతమంది అవునన్నారు, ఏ రోజుల్లో, ఎవరి అనుమతితో అన్నవి తెలిస్తే ఇంకొకరు వెళ్లి సరిచూడవచ్చు. కోర్టూ అదే చేసింది. బొంబాయిలోని నిర్మలా నికేతన్ సోషల్ వర్క్ కాలేజీ డైరెక్టర్ ఎ.ఆర్. దేశాయ్‌ని జైలుకు పంపి నివేదిక తెప్పించుకుంది. ఖైదీలకు న్యాయసహాయం ఎంత అధ్వానంగా అందుతోందో ఆ నివేదికతో తేటతెల్లమైంది.

1983 ఫిబ్రవరి 15న జస్టిస్ భగవతి ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మహిళలకు వేరే లాకప్‌లు ఉండాలనీ, కాపలా మహిళా కానిస్టేబుళ్లదే కావాలనీ, మహిళా పోలీసులు లేనిదే మహిళలను ప్రశ్నించరాదనీ ఆదేశించింది. అరెస్టు కబురు వెంటనే న్యాయసహాయ కమిటీకీ, ఆ మనిషి కోరిన బంధువుకో స్నేహితుడికో చేరాలంది. కొట్టారా అని మేజిస్ట్రేటు స్వయంగా అడగాలనీ, వైద్యపరీక్ష కోరే హక్కు ఉందని చెప్పాలనీ కూడా అంది. ఇందులో చాలా భాగం ఇవాళ మామూలు చట్టంలా వినిపిస్తుంది. అరెస్టు కబురు బంధువుకు చెప్పాలన్న నియమం నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది.

వెనక సంస్థ లేకపోతే ఏమవుతుందో కూడా బర్సే అనుభవమే చెబుతుంది. ఆమె ఇంటర్వ్యూలను టేప్ చేయడం మొదలుపెట్టగానే జైలు అధికారులు అభ్యంతరం చెప్పారు. చివరికి అనుమతే వెనక్కి తీసుకున్నారు. ఆ వివాదంలో 1987లో సుప్రీంకోర్టు తెలుసుకునే హక్కును గుర్తించింది గానీ, జైల్లోకి తలుపులు బార్లా తెరవలేదు. ఖైదీ ఒప్పుకోవాలి, నిబంధనలు పాటించాలి అంది. ఇది అన్యాయమని నేననను. ఖైదీ కథ విలేకరి సొత్తేమీ కాదు కదా!

జైళ్లలోని పిల్లల కోసం ఆమె వేసిన కేసు ఇంకో మలుపు తిరిగింది. వాయిదాలతో విసిగి 1988లో పిటిషన్ వెనక్కి తీసుకుంటానన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద వేసినవారికి యాజమాన్యం లేదని చెప్పి, పిటిషనర్‌గా ఆమె పేరు తీసేసి, కేసును సుప్రీంకోర్టు న్యాయసహాయ కమిటీకి అప్పగించింది. సూత్రం సరైనదే కావచ్చు, ఆ మనిషి పట్ల మాత్రం కటువుగా ఉంది. ఆమె ఆగలేదు. నేరమేమీ చేయని మానసిక రోగులను జైళ్లలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో వచ్చిన తీర్పు కూడా ఆమె పిటిషన్ మీదిదే.

మన వైపు ఈ పనికి హక్కుల కార్యకర్త బాలగోపాల్ పేరు చెప్పాలి. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన ఆయన తర్వాత న్యాయవాది అయ్యారు. నిజనిర్ధారణకు ఊరూరా తిరిగి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విస్తారంగా రాశారు. రాజ్యహింసను ఎంత నిలదీశారో నక్సలైట్ల హింసనూ అంతే సూటిగా ప్రశ్నించారు.

మండలాల్లో కంట్రిబ్యూటర్లుగా పనిచేస్తున్న మిత్రులకు ఒక మాట. సమాచార హక్కు చట్టం కింద ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి లాకప్ వార్త రాసేటప్పుడు పోలీసుల ప్రకటనతో సరిపెట్టకండి. అరెస్టు ఎన్ని గంటలకు జరిగింది, బంధువుకు కబురు ఎప్పుడు వెళ్లింది, మేజిస్ట్రేటు దెబ్బల గురించి అడిగారా అన్న మూడు సంగతులూ కనుక్కుని, తేదీలతో సహా వార్తలో రాయండి.