కోఠి రెసిడెన్సీ: కట్టడం, యాజమాన్యం

ఒక చారిత్రక భవనాన్ని విమర్శనాత్మకంగా చూడాలంటే దాని శైలి పేరు చెప్పి ఊరుకుంటే చాలదు. ఎవరి సొమ్ముతో కట్టారు? ఎవరు అనుభవించారు? ఎవరికి ప్రవేశం దొరికింది? ఈ మూడు ప్రశ్నలూ వేసుకోవాలి. ఇందుకు హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మంచి ఉదాహరణ. జహీరాబాద్ ప్రాంతంలో ఉండి చదువుకుంటున్న మీరు హైదరాబాద్ వెళ్ళినప్పుడు, వీలుంటే దీన్ని స్వయంగా చూడండి.

నిర్మాణం

1798 నుంచి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనాన్ని తలపెట్టాడు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దీనికి రూపకల్పన చేశాడు. ముందు భాగంలో ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటిపైన త్రికోణాకారపు శిరోభాగం, కింద వెడల్పాటి మెట్లు, వాటికి ఇరువైపులా సింహాలు కనిపిస్తాయి. లోపల విశాలమైన దర్బారు హాలు ఉంది. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పేరు మీదుగా ఈ శైలిని పల్లాడియన్ అంటారు. అమెరికాలోని వైట్‌హౌస్‌ది కూడా ఈ సంప్రదాయమే. అయితే రాతి కట్టడంలా కనిపించే ఈ గోడలు ఇటుకతో కట్టి సున్నంతో నునుపు చేసినవి. రూపం ఐరోపాది, పని మాత్రం మన మేస్త్రీలు తరతరాలుగా ఎరిగినదే.

ఈ భవనం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. పెద్ద కాగితం మీద గీసిన నమూనాను చూసి నిజాం ఒప్పుకోలేదట. అదే నమూనాను చిన్న కాగితం మీద గీసి చూపిస్తే సరేనన్నాడట. కథ నిజమైనా కాకున్నా, అడుగుతున్నది ఎంతో దాచి, కొంచెమే అడుగుతున్నట్టు కనిపించిన కంపెనీ తీరును అది పట్టి చూపుతుంది.

యాజమాన్యం

స్థలం నిజాం రాజ్యంలోది, ఖర్చు నిజాం ఖజానాది. శిరోభాగంలో చెక్కిన చిహ్నం మాత్రం కంపెనీది. భవనాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం ఈ వైరుధ్యమే. జనం ఈ సంగతి గుర్తించకపోలేదు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. మరుసటి ఏడాది కంపెనీ పాలన పోయి బ్రిటిష్ రాణి పాలన వచ్చింది. భవనంలో అధికారం చేతులు మారింది కాని, సామాన్యుడికి తలుపు తెరుచుకోలేదు.

1947తో రెసిడెంట్ల కాలం ముగిసింది. 1949లో మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. ఆ కళాశాలే 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

విమర్శ

నేడు చాలామంది ఈ భవనాన్ని కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథకు గుర్తుగా మాత్రమే చూస్తున్నారు. ఆ కథ కల్పితం కాదు. కాని అది ఒక్కటే చెబితే ఖజానా ఎవరిదన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఖైరున్నీసా నివసించిన రంగమహల్‌ను 1860లో కూల్చివేశారన్న సంగతీ మరుగున పడుతుంది. స్త్రీ ఉన్న ఇల్లు పోయి, రెసిడెంటు దర్బారు మిగలడం యాదృచ్ఛికంగా తీసుకోవలసినది కాదు.

ఆ దర్బారుకు దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు రావడమే ఈ భవనం చరిత్రలో అసలైన మలుపు అని నా అభిప్రాయం. పాలకుర్తిలో తాను పండించిన పంటను దొర మనుషుల పాలు కానివ్వకుండా పోరాడిన ఐలమ్మ పేరు దానికి రావడం ఎంతో సముచితం. కష్టం ఒకరిది, అనుభవం ఇంకొకరిది కావడాన్ని ఆమె ఒప్పుకోలేదు. ఈ భవనం పుట్టుకలోనే ఉన్న అన్యాయం కూడా అదే.

అభ్యాసం: మీ ఊళ్ళోని గడీనో, పాత బంగళానో తీసుకోండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ జవాబులు సేకరించి, ఒక పుటలో రాయండి.