ఎగువన భద్రాచలం లేని ధర

ఈ వారం కాలమిస్టుకి చిర్రెత్తించిన అంకె 61.8. భీమవరంలో టీకొట్టు దగ్గర ఓ కుర్రాడు ఫోన్‌లో నిఫ్టీ చార్టు పెట్టి, "చాపీనెస్ ఇండెక్స్ గీత దాటేసిందండి బాబాయ్‌గారూ, మార్కెట్టు ఊగిసలాటలో పడింది, ఇంక ముట్టుకోకూడదు" అని తీర్పిచ్చేశాడు. ఆ ఇండెక్స్ 61.8 పైకెళ్తే ఊగిసలాట, 38.2 కిందికొస్తే ట్రెండు. రెండంకెలూ బంగారు నిష్పత్తిలోంచి, అంటే ఫిబొనాచి వరసలోంచి, తెచ్చినవే. ఫిబొనాచి కుందేళ్ల సంతతికీ నిఫ్టీకీ చుట్టరికం ఏమిటన్నది ఈ కాలమ్ పాత తగువు. పాఠకులు విని విని అలిసిపోయుంటారు.

లెక్క మాత్రం తప్పు కాదు. ధర ఎంత నడిచింది, చివరికి ఎంత దూరం చేరింది అన్నదే దాదాపుగా దాని సారం. పెర్రీ కౌఫ్‌మన్ చెప్పిన ఎఫిషియెన్సీ రేషియోలో ఇది ఇంకా తేట. తణుకు కోడిగుడ్లనే తీసుకుందాం. అంకెలు ఊరికే అనుకున్నవి. వంద గుడ్ల ధర 500 దగ్గర మొదలై 520, 505, 525, 500, 510 అయింది. నడక 90 రూపాయలు, చేరిక 10. భాగిస్తే 0.11. అదే ధర 500 నుంచి 510, 515, 525, 520, 535గా సాగితే నడక 45, చేరిక 35, నిష్పత్తి 0.78. ఒకటికి దగ్గరైతే ట్రెండు, సున్నాకి దగ్గరైతే ఊగిసలాట.

ఇలాంటి కొలతల్లో ఒక పెద్దది అసలు బజారులో పుట్టలేదు, ఏటిగట్టున పుట్టింది. 1906లో ఈజిప్టు వెళ్లిన బ్రిటిష్ జలశాస్త్రవేత్త హెరాల్డ్ ఎడ్విన్ హర్స్ట్, నైలు మీద ఎంత పెద్ద రిజర్వాయరు కడితే కరువేళ్లు గట్టెక్కుతాయో తేల్చడానికి శతాబ్దాల నాటి నీటిమట్టాలు తిరగేశాడు. మంచి ఏళ్ల పక్కన మంచి ఏళ్లు, చెడ్డవాటి పక్కన చెడ్డవి గుంపులు కట్టి కనిపించాయి. 1951లో ఆ సంగతి ప్రచురించాడు. ఆ గుంపుల్ని కొలిచే హర్స్ట్ సంఖ్య 0.5 అయితే బొమ్మా బొరుసూ. అంతకి మించితే పట్టిన దారి వదలదు. తగ్గితే వెనక్కి తిరగడమే దాని అలవాటు. తర్వాత మాండెల్‌బ్రాట్ దాన్ని ధరల మీదికి తెచ్చాడు.

గోదావరి జిల్లాలవాళ్లకి ఇలా ఏటిని చదవడంలో వింతేం ఉండదు. ఎగువన భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకలవాళ్లు సామాను సర్దుకుంటారు, ధవళేశ్వరంలో 11.75 అడుగులు దాటేదాకా ఆగరు. ధరకి మాత్రం ఎగువన భద్రాచలం లేదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించింది. అక్కడికి వెళ్లే రొయ్య రేటు ఇక్కడ దిగిపోయింది. సరిగ్గా వారానికి, 9న, 10 శాతం మాత్రం ఉంచి మిగతాది 90 రోజులు వాయిదా వేసింది. ఆగస్టు 27కి అది కాస్తా 50 శాతమైంది. ఏ ఇండెక్సు ముందు చెప్పింది? గడిచిన 14 రోజుల్ని కొలిచే అంకెకి పదిహేనో రోజు ఏం తెలుస్తుంది?

ఇక్కడితో ఆపేస్తే కాలమిస్టుకి హాయిగా ఉండేది.

కానీ చాపీనెస్ ఇండెక్స్ చెప్పేది రేపటి సంగతి కాదు, ఖర్చు సంగతి. లాభం చేరిన దూరానికే వస్తుంది. బ్రోకరేజీ, ఎస్‌టీటీ పన్నూ మాత్రం కొని అమ్మిన ప్రతిసారీ పడతాయి. 2021-22 నుంచి 2023-24 దాకా ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ)లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారని 2024లో సెబీ తేల్చింది. ఖర్చులతో కలిపి తలకి సగటున సుమారు 2 లక్షల రూపాయలు. ఆ లెక్కన, నిష్పత్తి 0.11 దగ్గరున్న రోజుల్లో చేతులు కట్టుకుని కూచోమన్న కుర్రాడి మాట తీసిపారేసేది కాదు. గీత 61.8 దగ్గరే ఎందుకు గీయాలన్నది వేరే తగువు, అది కొనసాగుతుంది.

రొయ్యల చెరువు రైతుకి అలా కూచునే వీలు లేదు. కూచున్నా మేత ఖర్చు నడుస్తూనే ఉంటుంది. కిలోకి వంద రొయ్యలు తూగే వంద కౌంటు దగ్గర పట్టేయాలా, నలభై దాకా పెంచాలా అన్నదొక్కటే అతని చేతిలో ఉన్నది. రేటు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు కొందరు కొంత సరుకు పట్టుబడి చేసి, మిగతాది చెరువులోనే ఉంచుతారు.