దేవుడు లేనిచోట బాధ్యత ఎవరిది? – సార్త్ర్, గోరా భావనల తులనాత్మక పరిశీలన

తెలుగు విమర్శలో అస్తిత్వవాదాన్ని నాస్తికత్వానికి మరో పేరుగా వాడటం కద్దు. ఈ రెంటినీ కలిపివేయడం వల్ల మానవ స్వేచ్ఛ, బాధ్యతల విషయంలో వాటి మధ్యనున్న భేదం మరుగున పడుతున్నది. ఆ భేదాన్ని జాఁ పాల్ సార్త్ర్, గోపరాజు రామచంద్రరావుల ఆలోచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అస్తిత్వవాదులందరూ నాస్తికులు కారు. కీర్కెగార్డ్, గాబ్రియేల్ మార్సెల్ క్రైస్తవ విశ్వాసులే. 1945 అక్టోబరులో పారిస్‌లో చేసిన ప్రసంగంలో సార్త్ర్ తనను నాస్తిక అస్తిత్వవాదిగా పేర్కొంటూనే, దేవుడున్నా మనిషి స్థితిలో మార్పేమీ ఉండదన్నాడు. అతని దృష్టిలో అస్తిత్వం సారానికి పూర్వగామి. ముందే నిర్ణయమైన స్వభావమేదీ లేదు గనుక మనిషి తన ఎంపికల ద్వారానే తానేమిటో అవుతాడు. ఈ స్వేచ్ఛ తప్పించుకోలేని బరువు. పరిస్థితులను సాకుగా చూపి దాన్ని దించుకోజూడటం ఆత్మవంచన.

గోరాకు స్వేచ్ఛ బరువు కాదు, విముక్తి. ఆస్తికత్వాన్ని ఆయన బానిస మనస్తత్వంగా, నాస్తికత్వాన్ని మనిషి స్వతంత్రేచ్ఛకు అభివ్యక్తిగా భావించారు. దేవుడు లేడని నిరూపించడంతో ఆయన ఆగలేదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1948లో తన కుమార్తెకు దళిత యువకునితో సేవాగ్రామంలో వివాహం జరిపించారు. సార్త్ర్ దగ్గర నిర్ణయం ఏకాంతంలో పుడుతుంది, గోరా దగ్గర అది పంక్తిలో, పెళ్లిపందిరిలో పరీక్షకు నిలుస్తుంది.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావును అస్తిత్వవాద నాయకుడనడం పరిపాటి. అతడు తన పతనాన్ని ఎడతెగక విశ్లేషిస్తాడు, కానీ దాన్ని ఆపే నిర్ణయమేదీ తీసుకోడు. సార్త్ర్ కొలతతో చూస్తే అతడు స్వేచ్ఛకు కాదు, ఆత్మవంచనకు ఉదాహరణ. వేదన ఉన్న ప్రతిచోటా అస్తిత్వవాదం ఉందనుకోవడమే మన విమర్శలోని చిక్కు.

ఈ భావనల బలాన్నీ పరిమితినీ తూచడానికి దక్షిణ తెలంగాణ అనుభవం ఉపకరిస్తుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో గ్రానైటు శిలల నుండి భూగర్భజలంలోకి చేరిన ఫ్లోరైడు తరతరాల ఎముకలను వంచింది. దీనిని తలరాత అన్నంతకాలం బాధ్యులెవరూ ఉండరు. కారణం నీటిలో ఉందని తేలగానే బాధ్యత మనుషుల మీదికి వస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. అయినా శుద్ధజలం కోసం దశాబ్దాల తరబడి ఉద్యమించక తప్పలేదు. ఇక్కడ గోరా మార్గమే సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే రక్షిత నీరు ఒక్కరి ఎంపికతో వచ్చేది కాదు. అయితే వంగిన వెన్నుతోనే గొంతెత్తిన వ్యక్తిని అర్థం చేసుకోవడానికి సార్త్ర్ కావాలి. పుట్టిన ఊరిని, తాగిన నీటిని ఎంచుకోలేకపోయినా, వాటి పట్ల తన వైఖరిని ఆ మనిషే నిర్ణయించుకున్నాడు.

పాలమూరు వలస కూలీ విషయంలో మాత్రం సార్త్ర్ వాదం నాకు చాలినట్లు కనిపించదు. వాన లేక, గుంపు మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న సొమ్ముకు కట్టుబడి బయలుదేరిన మనిషి ప్రయాణాన్ని కూడా ఎంపిక అనవచ్చు. కాని ఆ మాటతో మేస్త్రీ, గుత్తేదారు, ప్రభుత్వం ముగ్గురూ లెక్కలోంచి తప్పుకుంటారు.