సానపట్టిన స్నేహం: ‘స్టాన్ అండ్ ఆలీ’ చిత్రంలో చరిత్ర, కల్పన

ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించిన ఆలంకారిక సంప్రదాయంలో రామరాజభూషణుడు మిశ్రానికే పట్టం కట్టాడు. వసుచరిత్ర అవతారికలో ఆయన దృష్టిలో కేవల కల్పన కృత్రిమ రత్నం, పూర్వకథ గనిలో పుట్టిన రత్నం, కవికల్పనతో మెరుగుపడిన పూర్వకథ సానదీరిన జాతిరత్నం. జీవితచరిత్రాత్మక చలనచిత్రాలన్నీ స్వభావరీత్యా మిశ్రాలే. అందువల్ల వాటి విషయంలో కల్పన ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. సానపట్టడంలో రాయి మెరిసిందా, అరిగిందా అన్నదే పరిశీలించవలసినది. జాన్ ఎస్. బేర్డ్ దర్శకత్వంలో, జెఫ్ పోప్ రచనతో 2018లో వచ్చిన ‘స్టాన్ అండ్ ఆలీ’ ఈ పరీక్షకు తగిన చిత్రం.

లారెల్–హార్డీల వైభవాన్ని ఈ చిత్రం ఒక్క ఘట్టంతో ముగిస్తుంది. 1937లో ‘వే అవుట్ వెస్ట్’ చిత్రీకరణ జరుగుతున్న స్టూడియోలో ఇద్దరూ మాట్లాడుకుంటూ నడిచివెళ్లే సుదీర్ఘ దృశ్యం అది. ఆ తరువాత కథ 1953కు, బ్రిటన్ రంగస్థల యాత్రకు దూకుతుంది. తొలి రోజులలో ప్రేక్షకులు పలుచగా ఉంటారు. హార్డీ శరీరం సహకరించదు. రాబిన్ హుడ్ కథను హాస్యంగా మలచి తీయబోయే సినిమా ఒక్కటే వారి ఆశ. లారెల్‌గా స్టీవ్ కూగన్, హార్డీగా జాన్ సి. రైలీ నటించారు. రైలీ అభినయంలో భారీ ఆహార్యం కంటే మోకాలి నొప్పిని దాచుకొనే మర్యాదే ముందు కనబడుతుంది.

చిత్రకారులు చరిత్రపై చేసిన మార్పులలో ప్రధానమైనవి రెండు. మొదటిది కలహం. 1939లో లారెల్ లేకుండా హార్డీ ‘జెనోబియా’లో నటించాడు. నిర్మాత హాల్ రోచ్‌తో ఇద్దరి ఒప్పందాలు వేర్వేరుగా ఉండటం ఇందుకు కారణం. ఇది చరిత్ర. కాని ఆ గాయం పదునాలుగేళ్లు మానక, లండన్ విందులో బహిరంగ కలహంగా బద్దలవడం కల్పన. జీవితచరిత్రకారులు చిత్రించిన స్నేహంలో ఇంతటి చేదు లేదు. ఇక్కడ రచయితకు కావలసినది నాటకీయ సంఘర్షణ. దానిని ఆయన పాత ఒప్పందపు కాగితాలలో వెదకి తెచ్చుకున్నాడు. కలహం కృతకమే అయినా, దాని పరిసరం కృతకం కాదు. వారి తగవును చుట్టూ ఉన్నవారు మరొక హాస్యఘట్టంగా భావిస్తారు. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించాడు. ఇక్కడ పరస్థం మాత్రమే మిగిలింది. నవ్వించేవారిలో నవ్వు లేదు. హాస్యానికి కరుణం విరోధి అని సాహిత్యదర్పణకారుడు అన్నాడు. ఈ ఘట్టంలో ఆ రెండూ ఒకే ఆశ్రయంలో ఇమడలేదు గనుకనే విరోధం పరిహృతమైంది: హాస్యం చూసేవారిది, కరుణం అనుభవించేవారిది.

ఇదే పద్ధతి రైల్వేస్టేషన్ మెట్ల దృశ్యంలో మరింత నిరాడంబరంగా పనిచేస్తుంది. పైకి లాగిన పెద్ద పెట్టె చేయిజారి కిందికి పోతుంది. 1932 నాటి ‘ది మ్యూజిక్ బాక్స్’లో పియానో మెట్లపై జారిన తీరు ఎరిగినవారికి అది నవ్వు; ఆ పెట్టెను మళ్లీ ఎక్కించవలసిన వృద్ధులకు అది శ్రమ. కలహఘట్టం కంటే ఇదే మేలైన రచన.

రెండవ మార్పు ఇంకా లోతైనది. వాస్తవంలో యాత్రకై వచ్చినవారు 1953 సెప్టెంబరులో ముందుగా ఐర్లండ్‌లోనే దిగారు. 1954 మే నెలలో ప్లిమత్‌లో హార్డీకి గుండెపోటు రావడంతో మిగిలిన ప్రదర్శనలు రద్దయ్యాయి. చిత్రంలో గుండెపోటు ముందే వస్తుంది; ఐర్లండ్ చివరి మజిలీ అవుతుంది; వైద్యుడి మాట కాదని హార్డీ మళ్లీ వేదికనెక్కి నాట్యమాడతాడు. చరిత్ర ఇవ్వని వీడ్కోలును చిత్రం ఇచ్చింది. ప్రేక్షకుడికి ఇది తృప్తికరమే. కాని అర్ధాంతరంగా ఆగిన యాత్రలో ఉన్న నిష్ఠురత ఇందులో మెత్తబడింది. సాన ఇక్కడ రాయిని కొంత అరగదీసింది.

రాబిన్ హుడ్ వృత్తాంతంలో మాత్రం అలా జరగలేదు. సినిమా ఇక రాదని తెలిసికూడా లారెల్ ఆ మాట దాచి, దాని హాస్యఘట్టాలను మిత్రునితో అభ్యాసం చేస్తూనే ఉంటాడు. హార్డీకి కూడా ఆ సంగతి తెలుసునని చివరకు తేలుతుంది. లేని సినిమాకు అభ్యాసం చేయడమే వారి స్నేహపు భాష. క్షమాపణలు చెప్పలేని చోట ఇద్దరూ సంభాషణలు వల్లెవేస్తారు.

తెలుగులో రేలంగి–రమణారెడ్డి జంటను లారెల్–హార్డీలతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక చాలావరకు లావు, సన్నం అన్న ఆకృతి వైరుధ్యం దగ్గరే ఆగిపోతుంది. ‘మాయాబజార్’లో లక్ష్మణకుమారుడికీ చిన్నమయ్యకూ మధ్య ఉన్నది సమాన స్నేహం కాదు, ఇద్దరూ ఎదురెదురు పక్షాలవారు. లారెల్–హార్డీల మధ్య అటువంటి అంతరం లేదు. ఇద్దరూ ఒకే పేదరికంలో, ఒకే అజ్ఞానంలో ఉంటారు. ఎవరు ఎవరిపై ఆధారపడ్డారన్నది తేలకపోవడమే అక్కడ హాస్యబీజం. పోలిక చేసేవారు ఈ భేదాన్ని గమనించవలసి ఉంది.

హార్డీ 1957లో, లారెల్ 1965లో మరణించారు. మిత్రుడు పోయిన తరువాత లారెల్ మళ్లీ నటించలేదు. అయినా తామిద్దరి కోసం హాస్యఘట్టాలు రాస్తూనే ఉన్నాడు. కల్పన అవసరమే లేని ఈ విషయాన్ని చిత్రం దృశ్యంగా మలచలేదు, ముగింపులో తెరపై అక్షరాలుగా వేసి ఊరుకుంది.