మాట ఇవ్వని ఖైదీ

చెరసాల, భక్తి అనగానే మనకు గోపన్న గుర్తుకొస్తాడు. కాని ఆ కథలో అభియోగం సర్కారు పైకం గురించి. నమ్మిన మాట నలుగురికీ చెప్పినందుకే జైలుపాలైన రచయితను ఏ దృష్టితో చదవాలన్న ప్రశ్న వేరు. అది మతసాహిత్యం, మనకెందుకని పక్కన పెట్టే ధోరణి అభ్యుదయ విమర్శలో ఉంది. ఆ ధోరణి సరైంది కాదని నా వాదన. అందుకు జాన్ బన్యన్‌ను తీసుకుంటాను.

బన్యన్ 1628లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. గిన్నెలకు మాట్లు వేసుకుని బతికేవాడు. అంతర్యుద్ధంలో పార్లమెంటు సైన్యంలో పనిచేశాడు. 1660లో రాచరికం తిరిగి వచ్చింది. ఆ నవంబరులోనే, ప్రభుత్వ చర్చితో నిమిత్తం లేకుండా జనాన్ని పోగుచేసి ప్రసంగిస్తున్నాడని 1593 నాటి చట్టం కింద అతన్ని పట్టుకున్నారు. పాలకవర్గాన్ని భయపెట్టింది వేదాంతం ఒక్కటే కాదు. 1649లో రాజు తల తెగిన సంగతి వాళ్లింకా మరిచిపోలేదు. మాట్లు వేసేవాడు పామరజనానికి స్వయంగా బైబిలు చెప్పడంలో వాళ్లకు ఆ రోజులే కనిపించాయి.

ఇక ప్రసంగించనని మాట ఇస్తే వదిలేస్తామన్నారు. అతను ఇవ్వలేదు. 1672 దాకా, పన్నెండేళ్లు, బెడ్‌ఫర్డ్ జైల్లో గడిపాడు. భార్య ఎలిజబెత్ 1661లో న్యాయమూర్తుల ముందు నిలబడి మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. ఇంటిని పోషించడానికి అతను జైల్లోనే లేసుతాళ్లు తయారుచేశాడు. 1666లో వెలువడిన ఆత్మకథలో తన భయాన్ని, చూపులేని కూతురి గురించిన బెంగను దాచుకోలేదు. విశ్వాసం అతన్ని రాయిగా మార్చలేదు. కుమిలిపోతూనే నిలబడ్డాడు.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో 'యాత్రికుని ప్రయాణము'గా తెలిసిన గ్రంథం 1678లో వచ్చింది. అందులోని మాయాసంతలో ఇళ్లూ భూములూ బిరుదులతో పాటు ప్రాణాలూ ఆత్మలూ అమ్మకానికి ఉంటాయి. అక్కడ ఏదీ కొనమన్న యాత్రికులు వ్యాపారానికి శత్రువులని బోనెక్కుతారు. తీర్పు చెప్పే దొర పేరే మంచిని ద్వేషించేవాడు. కోర్టును ఇంత దగ్గరగా చూసి రాసినవాడికి వర్గదృష్టి లేదనగలమా?

తర్వాత సందేహదుర్గం వస్తుంది. నిరాశ అనే రాక్షసుడు యాత్రికుల్ని చీకటికొట్లో పడేస్తాడు. తాళం తెరిచే చెవి యాత్రికుడి రొమ్ములోనే దొరుకుతుంది. దాని పేరు వాగ్దానం. బయటి జైల్లో ప్రభుత్వం అడిగిందీ ఒక వాగ్దానాన్నే. ఆ వాగ్దానం ఇచ్చి ఉంటే బెడ్‌ఫర్డ్ తలుపు తెరుచుకునేది, రొమ్ములోని తాళంచెవి పోయేది. పుస్తకం మొత్తానికి ఇదే కీలకమని నేననుకుంటాను.

లోపం లేదనను. యాత్రికుడు భార్యాబిడ్డల్ని వదిలి చెవులు మూసుకుని పరుగెత్తుతాడు; విముక్తి ఒంటరి వ్యవహారమైపోతుంది. వాళ్లు బయల్దేరేది 1684 నాటి రెండో భాగంలోనే. అయినా, ఇంగ్లీషు కార్మికోద్యమానికి పునాది అయిన రెండు గ్రంథాల్లో ఇదొకటని ఇ.పి. థాంప్సన్ 1963లో గుర్తించాడు. రెండోది టామ్ పెయిన్ 'మానవ హక్కులు'. మతాన్ని మత్తుమందుతో పోల్చిన 1844 నాటి మార్క్స్ వాక్యం మనకు కంఠోపాఠమే. మతంలో బాధతో పాటు ఆ బాధపై నిరసన కూడా ఉంటుందని ఆయన అక్కడే అన్న సంగతి మాత్రం జారవిడుస్తాం.

అసలు పరీక్ష ఇంకొకటి ఉంది. మూడు వందల యాభై ఏళ్ల కిందటి రాజును తప్పుపట్టడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ఇరీనా రతుషిన్‌స్కయా మాటేమిటి? ఒడెస్సాలో పుట్టిన ఈ క్రైస్తవ కవయిత్రిని 1982లో సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసింది. కవితలను వ్యతిరేక ప్రచారంగా లెక్కగట్టి, 1983లో ఏడేళ్ల శ్రమశిబిరం, ఆపై అయిదేళ్ల ప్రవాసం విధించింది. 1977 నాటి సోవియట్ రాజ్యాంగంలో అంతరాత్మ స్వేచ్ఛకు 52వ అధికరణం ఉండనే ఉంది. మొర్దోవియా శిబిరంలో ఆమె అగ్గిపుల్లతో సబ్బుముక్క మీద కవిత గీసి, కంఠస్థం చేసి, కడిగేసేది. 1986 అక్టోబరులో, రేగన్, గోర్బచేవ్‌ల సమావేశానికి ముందు, విడుదల చేశారు. ఆమె పేరును అమెరికా వాడుకుందనవచ్చు. వాడుకుంది. అంతమాత్రాన సబ్బు మీది కవిత అబద్ధం కాదు, ఆ శిక్ష న్యాయమూ కాదు.

నేను విశ్వాసిని కాను. విశ్వాసి స్వేచ్ఛ కోసం నిలబడటానికి విశ్వాసి కానక్కర్లేదు. నోరు మూసుకుంటానని మాట ఇమ్మని రాజ్యం బన్యన్‌ను అడిగింది. ఏ దేశంలోనైనా రచయితను అడిగేదీ అదే మాట. జైలు ఎవరిదని చూసి ఖైదీ విలువ కట్టే విమర్శ అభ్యుదయ విమర్శ కాదు. కొలబద్ద ఒకటే ఉండాలి.