ఎదుటివాడి పద్యం

పద్యనాటకం మీద ఎప్పుడూ వినే ఫిర్యాదు ఒకటుంది: పద్యం గుప్పెడు, రాగం బారెడు. ఈమధ్య ఒక జాతరలో కృష్ణరాయబారం చూస్తుంటే పక్కనున్న కుర్రాడూ ఆవలిస్తూ అదే అన్నాడు. అప్పుడు పడకసీను నడుస్తోంది. నిద్ర లేచిన కృష్ణుడు కాళ్ళ దగ్గరున్న అర్జునుణ్ణి ముందు చూసి, కుశలమడుగుతూ పద్యం ఎత్తుకున్నాడు. నేను మాత్రం తలాపున కూర్చున్న దుర్యోధనుణ్ణే చూస్తున్నాను. ముందొచ్చినవాడు తానైతే పలకరింపు అర్జునుడికి! ఆ రాగం సాగినకొద్దీ అతని మెడ బిగుసుకుంటోంది. ఉత్తరీయం సర్దుకున్నాడు, నవ్వబోయి మానుకున్నాడు. మంచి దుర్యోధనుడికి ఆ రాగమంతా అవమానమే. అలా వినేవాడు రంగస్థలం మీద ఉన్నప్పుడు రాగం సాగతీత కాదు, అతని నటనకు దొరికిన వ్యవధి.

తెలుగు నాటకానికి ఈ రాగాలు మొదటినుంచీ లేవు. 1880లో ధార్వాడ నాటక సమాజం వచ్చి ఆడి వెళ్ళాక ఇక్కడ నాటకాల ఊపు మొదలైంది. అదే ఏడు కందుకూరి రాజమండ్రిలో ఆడించినది వచన ప్రహసనం. నాటక పద్యాన్ని రాగంలో పాడించే ఒరవడికి బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పేరు చెబుతారు. తర్వాత తిరుపతి వెంకటకవుల పాండవ నాటకాలు పల్లెపల్లెకూ పాకాయి. చదువురాని రైతు కూడా పద్యం నోట పట్టాడంటే ఆ ఘనత ఎక్కువగా వాటిదే.

పద్యం చెప్పడంలో అసలు కష్టం రాగంలో లేదు, విరుపులో ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. అర్థం చూసుకోని నటుడు ఊపిరి కోసం ఎక్కడ పడితే అక్కడ ఆగుతాడు. మాట రెండు ముక్కలవుతుంది. తెలిసినవాడు అర్థం తెగేచోటే ఆగుతాడు, పాదం దాటినా సరే మాట పూర్తిచేసి ఊపిరి తీసుకుంటాడు. నాలుగు పాదాలూ స్పష్టంగా చెప్పేశాకే చివరి మాట మీద రాగం విప్పుతాడు. హార్మోనిస్టు పని అతని గొంతు వెనకే నడవడం. మరీ ముందుకొస్తే పద్యం పెట్టెది అవుతుంది, నటుడిది కాదు. కృష్ణుడిగా పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు ఇద్దరికీ పెద్ద పేరే. వాళ్ళలో ఎవరు మేలన్న వాదం కోస్తా ఊళ్ళలో ఇంకా తేలలేదు, నేనూ తేల్చను.

హరిశ్చంద్ర కాటిసీను సంగతి వేరు. అక్కడ వినడానికి ఎదుట ఎవరూ ఉండరు. బలిజేపల్లి నాటకంలోకి నటులు జాషువా శ్మశాన పద్యాలను తెచ్చి కలుపుకున్నారు. అవి లేని కాటిసీనును జనం ఒప్పుకోరు. ఒంటరి మనిషి, ఒంటరి గొంతు. ఈ సీనులో రాగం తగ్గించమని నేనెప్పుడూ అనను.

సురభి వారి మాయాబజార్ చూడ్డానికి మాత్రం పద్యం కోసం వెళ్ళను. రంగులు వేసిన తెరలు చకచకా మారుతుంటాయి, తీగల మీద మనుషులు గాల్లోకి లేస్తారు, మాయలన్నీ కళ్ళముందే జరుగుతాయి. తీగ కనిపిస్తూనే ఉంటుంది, పిల్లలు నోరు తెరుచుకునే చూస్తారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన ఈ కుటుంబ నాటకంలో ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు. తండ్రీ కొడుకులూ అత్తాకోడళ్ళూ కలిసి ఆడటంవల్ల ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలుసు.

కాంట్రాక్టు నాటకంలో లేనిది అదే. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. తలా ఒక ఊరినుంచి వచ్చి మేకప్ గదిలో కలుసుకుంటారు. తన పద్యం అయ్యాక రెండో కృష్ణుడు సభలో కర్ణుడు మాట్లాడుతుంటే కిరీటం సర్దుకుంటూ హార్మోనిస్టుతో సైగలు చేస్తుంటాడు. ఇది గొంతు లోపం కాదు, రిహార్సల్ లోపం. పోస్టరు మీద పేరున్న కృష్ణుడికి బయానా ఇచ్చే ఉత్సవ కమిటీలు, నటులందరినీ ఒక పూట ముందే పిలిపించడానికి భోజనాల ఖర్చు కలుపుకుంటే చాలు. ఆవలించిన ఆ కుర్రాడు రెండో సీనుదాకా ఉండేవాడేమో.