దొరకని వార్త, దొరికే పేజీ

విశాఖపట్నం దగ్గరి పరవాడ గురించి ఇంటర్నెట్టులో తెలుగులో వచ్చిన రాతను రెండు కాలాలుగా విడదీసి, పక్కపక్కన పెట్టి చదవాలనిపిస్తుంది. మొదటిది పత్రికలు సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపిన కాలం. రెండోది గూగుల్‌లో పైన కనబడాలన్న ఒకే లక్ష్యంతో పేజీలు తయారవుతున్న ఇప్పటి కాలం. ఈ రెండింటిలో దేన్ని మెచ్చుకోవాలో తేల్చడం తేలిక కాదు. నా మొగ్గు మాత్రం మొదటి దాని వైపే. కారణాలు చెబుతాను.

ఈనాడు పుట్టింది విశాఖపట్నంలోనే, 1974 ఆగస్టు 10న. జిల్లా వార్తకు పెద్దపీట వేసిన పత్రిక అది. పరవాడలో ఎన్‌టీపీసీ సింహాద్రి విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ 2002లో మొదలైంది. ఆ తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ వచ్చింది. ఊరి రూపం మారిపోయిన ఆ ఏళ్లలోనే తెలుగు పత్రికలు ఇంటర్నెట్టులో నిలదొక్కుకుంటున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా అప్పటి కంప్యూటర్లలో, బ్రౌజర్లలో తెలుగు సరిగా కనబడేది కాదు. అందుకని ఈనాడు సొంత ఫాంటు వాడింది. మిగతా పత్రికలు కూడా తలో ఫాంటు పట్టుకున్నాయి.

ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చేవారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, ఒత్తు ఇంకో చోట. పాఠకుడి కంటికి 'పరవాడ' అని చక్కగా కనబడేది. పేజీని చదివి జాబితాకెక్కించుకోవడానికి వచ్చిన గూగుల్ ప్రోగ్రాముకు మాత్రం అర్థం లేని రోమన్ గుర్తుల వరుస చిక్కేది. అంటే వార్త ఉంది, చదివేవాడు ఉన్నాడు, ఆ రెంటినీ కలిపే తోవ లేదు. వెన్న నాగార్జున రాసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ గుర్తులను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. అయితే పద్మ మార్చింది పాఠకుడి తెర మీది అక్షరాలనే. సెర్చ్ ఇంజిన్ జాబితాలో ఆ వార్తలు గుర్తుల వరుసలుగానే మిగిలాయి.

ఇప్పటి పేజీకి ఆ ఇబ్బంది లేదు. యూనికోడ్ ఉంది, శీర్షికలో ఊరి పేరుంది, ఫోన్‌లో చకచకా తెరుచుకుంటుంది. ఈ క్రమశిక్షణను తక్కువ చేయలేను. అచ్చు పత్రిక శీర్షిక చుట్టూ ఉన్న పేజీ మీద ఆధారపడి బతికేది. జిల్లా పేజీలో, ఫొటో పక్కన 'మళ్లీ విషవాయువు' అని రెండు మాటలు పెడితే పాఠకుడికి అంతా తెలిసిపోతుంది. అవే రెండు మాటలు వెతుకులాట ఫలితాల్లో ఒంటరిగా నిలబడితే ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియదు. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైంది. జూన్ 29 రాత్రి పరవాడ ఫార్మా సిటీలో ఇంకో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. రెండింటినీ 'విశాఖ గ్యాస్ లీక్' అంటే తర్వాత వెతికేవాడికి ఒకదానిలో మరొకటి కలిసిపోతుంది. ఊరి పేరు, తేదీ శీర్షికలో ఉండాలన్న పాఠం సెర్చ్ వల్ల మనకు బాగా అబ్బింది. పాత సబ్‌ఎడిటర్లు ఇది నేర్చుకోవలసింది.

కానీ ఆ శీర్షిక కింద ఏముంది? ఫార్మా సిటీ ఉద్యోగాల పేజీల మూసనే తీసుకోండి. పని కోసం చూసే కుర్రాడు ఫోన్‌లో చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాడు. పరవాడకు వి, డబ్ల్యూ రెండు స్పెల్లింగులూ వాడుకలో ఉన్నాయి గనుక పేజీ రాసినవాడు రెండింటినీ ఎక్కడో ఇరికిస్తాడు. తెరిస్తే మొదటి పేరాలో ఫార్మా సిటీ ఉద్యోగాల కోసం చాలామంది ఎదురుచూస్తున్నారని ఉంటుంది. రెండో పేరాలో అదే మాట కాస్త తిప్పి ఉంటుంది. ఆపైన 'పరవాడ ఎక్కడ ఉంది?', 'ఫార్మా సిటీ అంటే ఏమిటి?' అని ఉపశీర్షికలు. పక్కనే లంకెలపాలెంలో పుట్టి పెరిగినవాడికి ఇవన్నీ ఎందుకు? వాడికి కావలసింది వాకిన్ ఇంటర్వ్యూ ఏ రోజు, ఏ గేటు దగ్గర అన్నది. కంపెనీ రోల్ మీద తీసుకుంటారా, కాంట్రాక్టరు కిందా? బీఎస్సీ కెమిస్ట్రీ సరిపోతుందా? నైట్ షిఫ్టుకు గాజువాక నుంచి కంపెనీ బస్సు ఉందా? ఈ నాలుగు జవాబులు తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు ఆ గేటు దాకా వెళ్లాలి, లేదా ఫోనైనా చెయ్యాలి. జిల్లా విలేకరి చేసే పని అదే. ఈ పేజీల్లో ఆ పని ఆనవాలు కనబడదు.

భాషకు జరుగుతున్న నష్టం ఇంకా బాధ పెడుతుంది. తెలుగు నామవాచకం విభక్తి చేరేసరికి రూపం మార్చుకుంటుంది: ఉద్యోగాలు, ఉద్యోగాలకు, ఉద్యోగాల్లో. వెతికే మాట చెక్కుచెదరకూడదన్న పట్టుదలతో 'ఫార్మా సిటీ ఉద్యోగాలు కోసం' అని రాస్తున్నారు. 'ఉద్యోగాల కోసం' అనడం రాక కాదు, అలా అంటే ర్యాంకు పోతుందన్న భయం. ఆ భయానికి ఆధారం లేదు. వెతికే మాటలను పేజీ వెనక రాసిపెట్టే కీవర్డుల మెటా ట్యాగును ర్యాంకు కోసం చూడనే చూడమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. 2011 ఫిబ్రవరిలో 'పాండా' అనే మార్పుతో పలచని పేజీలను కిందికి తోసింది. 2019 నుంచి వాక్యంలో మాటల సంబంధాన్ని పట్టుకునే బెర్ట్ పద్ధతి వాడుతోంది. ర్యాంకు కోసమే రాసిన పేజీలను వెనక్కి నెట్టే ఏర్పాటు 2022 ఆగస్టులో మొదట ఇంగ్లీషుకు, డిసెంబరులో మిగతా భాషలకు వచ్చింది. అయినా మన దగ్గర పాత చిట్కాలే పాఠాలుగా చెల్లుబాటవుతున్నాయి. తెలుగులో పోటీకి నిలిచే మంచి పేజీలు తక్కువ కావడంతో బలహీనమైన పేజీ కూడా పైకి వస్తోంది, చిట్కా ఫలించిందని రాసినవాడు నమ్ముతున్నాడు.

తేదీల సంగతీ ఇలాగే ఉంది. 2022 ఏప్రిల్ 4న పరవాడ అనకాపల్లి జిల్లాలో చేరింది. 2002 నాటి వార్తలో విశాఖపట్నం జిల్లా అని ఉంటే అది తప్పు కాదు, వార్త మీద తేదీ ఉంది గనుక. ఇప్పటి పేజీ మీద మాత్రం ఏటేటా సంవత్సరం మారుతుంది, లోపల ఒక్క వాక్యమూ మారదు. పాఠకుణ్ని మోసగించడం కిందే లెక్క ఇది.

పాత ఫాంటు వార్తలను యూనికోడ్‌లోకి మార్చడం అసాధ్యమేమీ కాదని పద్మ ఎప్పుడో రుజువు చేసింది. పత్రికల దగ్గర ఆ ఫైళ్లు ఉన్నంత మేర బయటికి తీసి, ఒక్కో వార్తకు ఊరి పేరు, మండలం, అచ్చయిన తేదీ శీర్షికలోనే చేర్చి, శాశ్వతమైన లింకుతో పెట్టాలి. విశాఖ ఎడిషన్‌తో, సింహాద్రి, ఫార్మా సిటీ వచ్చిన ఏళ్లతో మొదలుపెట్టవచ్చు. అప్పుడు పరవాడ అని కొట్టినవాడికి తన ఊరు మారిన కథ మొదటి పేజీలోనే దొరుకుతుంది.